బాప్తిస్మము లేనిదే రక్షణ లేదా?

చదువవలసిన వాక్యభాగములు: లూకా 23:39-43; అపొ. కార్యములు 8:9-24; 10:44-48



ఈ నెల పాఠమునకు అంశమును నేను వెదకుకొనలేదు. అదియే నన్ను వెదకుకొనుచు వచ్చెను. ఒకే ప్రశ్న రెండు నోళ్లనుండి వచ్చెను. ఒకసారి కువైటునుండి ఫోనులో ఏడ్పుతో వచ్చెను. రెండవసారి మా గుడిమెట్లమీద చిరునవ్వుతో వచ్చెను. ప్రశ్న ఒకటే యైనను జవాబు ఒకటే కాదని తెలిసికొనుటకు నాకు కొన్ని దినములు పట్టెను. ఆ దినములలో వాక్యమందు నేను చూచినదానిని మీ యెదుట పెట్టుచున్నాను. మీరును బైబిలు తెరచి సరిచూచుకొనుడి.

1. రెండు నోళ్లు, ఒక ప్రశ్న

ఒంటిమిట్ట చుట్టుపట్ల పల్లెలలో ఒకదానియందు ఒక అవ్వ యుండెను. కూలిపని చేసికొని బ్రదికిన మనిషి. ఆమె కుమారుడు, మా ప్రాంతపువారు అనేకులవలెనే, కువైటులో డ్రైవరుపని చేయుచున్నాడు. అక్కడి తెలుగువారి ప్రార్థనకూటములో అతడు ప్రభువును ఎరిగి, బాప్తిస్మము పొంది, తల్లికి ఫోనులోనే సువార్త చెప్పెను. అవ్వకు చదువు రాదు. అయినను రెండేండ్లపాటు ప్రతి ఆదివారము ఎండను లెక్కచేయక నడిచివచ్చి, ముందు చాపమీద కూర్చుండి, ప్రభువు నేర్పిన ప్రార్థనను మాటమాటగా నోటికి తెచ్చుకొనెను.

"అయ్యగారూ, నాకు బాప్తిస్మం ఎప్పుడిస్తారు?" అని ఆమె నన్ను నాలుగుసార్లయినను అడిగియుండును. "నీ కొడుకు క్రిస్మసుకు సెలవుమీద వస్తాడు గదా అవ్వా, అప్పుడు అందరి ముందర ఇస్తాను" అని నేను చెప్పుచు వచ్చితిని. కొడుకు కోరికయు అదే. తల్లి బాప్తిస్మము పొందునాడు తాను ప్రక్కన నిలువవలెనని అతని ఆశ. నవంబరు నెలలో ఒక రాత్రి అవ్వకు గుండెలో నొప్పి వచ్చెను. కడపకు తీసికొనిపోవుచుండగా దారిలోనే ప్రాణము విడిచెను.

మరునాటి ఉదయము సంఘపెద్దలలో ఒకాయన నన్ను ప్రక్కకు పిలిచి, "అయ్యగారూ, రిజిస్టరులో పేరులేని మనిషికి మన సమాధులతోటలో చోటిస్తే, రేపు అడిగినోళ్లకు ఏం జవాబు చెప్పాల?" అనెను. ఆయన చెడ్డవాడు కాడు, క్రమమును కాపాడువాడు. నేను అవ్వకు సమాధి ఆరాధన జరిగించితిని. ఆ సాయంకాలమే కువైటునుండి ఫోను వచ్చెను. "బాప్తిస్మం కాకుండానే పోయింది గదా అయ్యగారూ మాయమ్మ. పరలోకంలో ఉంటాదా? నా కోసరమే ఆగింది. నేనే ఆమెకు అడ్డం పడినానా?" అని అతడు ఏడ్చెను. ఆ మాట నన్ను పొడిచెను. ఎందుకనగా ఆగుమన్నవాడు అతడొక్కడే కాడు, నేనును.

ఒక నెల గడిచెను. మా సంఘమునకు నాలుగేండ్లుగా వచ్చుచున్న యౌవనస్థుడొకడు ఉన్నాడు. డిగ్రీ ముగించి ఉద్యోగపరీక్షలకు చదువుచున్నాడు. మంచి గొంతు గలవాడు. పాటల గుంపులో నిలుచును. బాప్తిస్మము మాట యెత్తినప్పుడు మాత్రము తప్పించుకొనును. ఆ ఆదివారము మెట్లమీద నన్ను నిలిపి, "అయ్యగారూ, అవ్వ ప్రభువు దగ్గర ఉందని మీరే చెప్పినారు. బాప్తిస్మం లేకపోయినా ఆమెకు రక్షణ ఉంటే, నాకు మాత్రం ఎందుకు? నేను నమ్మినాను. అది చాలదా?" అని నవ్వెను. ఆ నవ్వు వెనుక భయ మున్నదని నాకు తెలియును. దానిని గూర్చి ముందుకు చెప్పెదను.

2. వాక్యములో రెండు వరుసలు

ఈ ప్రశ్నను విప్పబోవువానికి లేఖనములలో రెండు వరుసలు కనబడును.

మొదటి వరుస ఇది. నమ్మి బాప్తిస్మము పొందినవానికి రక్షణ కలుగునని మార్కు 16:16 చెప్పుచున్నది. నీటిమూలముగాను ఆత్మమూలముగాను పుట్టనివాడు దేవుని రాజ్యములో ప్రవేశింపలేడని ప్రభువు నీకొదేముతో అనెను (యోహాను 3:5). పెంతెకొస్తు దినమున పేతురు, మారుమనస్సు పొంది పాపక్షమాపణ నిమిత్తము బాప్తిస్మము పొందుడని జనులకు చెప్పెను (అపొ. కా. 2:38). బాప్తిస్మము మనలను రక్షించుచున్నదని అదే పేతురు తన పత్రికలో వ్రాసెను (1 పేతురు 3:21).

రెండవ వరుస ఇది. రక్షణ కృపచేత విశ్వాసమువలన కలిగినదేగాని క్రియలవలన కాదని పౌలు చెప్పుచున్నాడు (ఎఫెసీ 2:8-9). క్రీస్తు తన్ను బాప్తిస్మ మిచ్చుటకు కాదు గాని సువార్త ప్రకటించుటకే పంపెనని అతడే కొరింథువారికి వ్రాసెను (1 కొరింథీ 1:17). రక్షణ పొందుటకు ఏమి చేయవలెనని ఫిలిప్పీ చెరసాల అధికారి అడిగినప్పుడు, ప్రభువైన యేసునందు నమ్మికయుంచుమన్న జవాబే మొదట వచ్చెను (అపొ. కా. 16:30-31).

మొదటి వరుసను మాత్రమే పట్టుకొన్నవాడు అవ్వను నరకమునకు పంపును. రెండవ వరుసను మాత్రమే పట్టుకొన్నవాడు ఆ యౌవనస్థుని ఇంటికి పంపును. రెండు వరుసలను పలికించినది ఒకే ఆత్మ గనుక, రెండింటిని కలిపి చదువుట మన విధి.

మార్కు వచనమునే మరల చూడుడి. మొదటి సగములో నమ్మికయు బాప్తిస్మమును కలిసి నడుచుచున్నవి. రెండవ సగములో శిక్షనుగూర్చి చెప్పునప్పుడు నమ్మనివాని మాటయే యున్నది; బాప్తిస్మము లేనివాని మాట లేదు. రక్షణమార్గము చూపునప్పుడు ప్రభువు రెండింటిని జతపరచెను. నాశనకారణము చెప్పునప్పుడు అవిశ్వాసమునే పేర్కొనెను. ఈ భేదము చిన్నది కాదు.

3. ముగ్గురు సాక్షులు

వచనములను వచనములతో తూచినంతనే మనస్సు కుదుటపడనియెడల, లేఖనములు ముగ్గురు మనుష్యులను మన యెదుట నిలువబెట్టుచున్నవి.

మొదటివాడు సిలువమీది దొంగ. అతడు ఏ నీటిలోను దిగలేదు. చేతులు మేకులకు దొరికియున్నవి, దిగగోరినను దిగలేడు. అయినను ఆ దినముననే తనతోకూడ పరదైసులో నుందువని ప్రభువు అతనికి మాట యిచ్చెను. నీరు లేకయు రక్షణ కలుగునని ఇతడు సాక్షి.

రెండవవాడు సమరయలోని గారడివాడైన సీమోను. ఇతడు నమ్మితినని చెప్పి బాప్తిస్మము పొంది ఫిలిప్పును వెంబడించెను. తరువాత దేవుని వరమును ద్రవ్యముతో కొనజూచెను. అతని హృదయము దేవుని యెదుట సరియైనది కాదని పేతురు గద్దించెను. నీటిలో దిగినను హృదయము మారకుండవచ్చునని ఇతడు సాక్షి.

మూడవవాడు కైసరయలోని శతాధిపతి కొర్నేలీ. పేతురు ఇంకను మాటలాడుచుండగానే ఆ యింటివారిమీదికి పరిశుద్ధాత్మ దిగెను. నీటికంటె ముందు ఆత్మ వచ్చెను. అప్పుడు పేతురు ఏమి చేసెను? "ఆత్మ వచ్చెను గదా, ఇక నీరెందుకు?" అనలేదు. ఆత్మను పొందినవారికి నీటిని ఎవడు ఆటంకపరచగలడని అడిగి, బాప్తిస్మము పొందవలెనని వారికి ఆజ్ఞాపించెను. నా మెట్లమీది యౌవనస్థుని ప్రశ్నకు అపొస్తలుని జవాబు ఇదే. రక్షణ ముందుగా వచ్చిన చోటను బాప్తిస్మము వెనుక నడిచివచ్చెనేగాని, ఆగిపోలేదు.

4. జలప్రళయమును గూర్చి ఒక మాట

బాప్తిస్మము రక్షించుచున్నదని పేతురు వ్రాసినచోట అతడు చెప్పిన పోలిక నోవహు దినములది. ఆ వాక్యము మా ప్రాంతపువారికి సులువుగా అర్థమగును. 2021 నవంబరు 19న చెయ్యేటిమీది అన్నమయ్య జలాశయపు కట్ట తెగి, నీరు పల్లెలమీద పడి, ఇండ్లను మనుష్యులను పశువులను కొట్టుకొనిపోయెను. ఆ నీటిని చూచినవాడెవడును నీరు తనంతట తానే రక్షించునని చెప్పడు. నోవహును రక్షించినది నీరు కాదు; దేవుడు కట్టించిన ఓడ. నీటినుండి దాటివచ్చినవారు ఎనిమిదిమందియే. వారు ఓడలో నున్నవారు.

మన ఓడ క్రీస్తే. అందుచేతనే పేతురు ఆ వచనములోనే, ఇది దేహపు మురికిని కడుగుట కాదనియు, యేసుక్రీస్తు పునరుత్థానమువలననే కలుగునదనియు వివరించెను. క్రీస్తులోనికి బాప్తిస్మము పొందిన మనము ఆయనతోకూడ పాతిపెట్టబడితిమని పౌలు చెప్పుటయు (రోమా 6:3-4) దీనికి సరిపోవును. పాతిపెట్టబడుట ఎవని ప్రతాపమును కాదు. మరియొకరి చేతులకు తన్నుతాను అప్పగించుకొనుటయే అది.

మా ఊరు కోదండరామస్వామి కోవెలవలన పేరుపొందినది. మా పొరుగు పెద్దమనిషి ఒకాయన, "మీ బాప్తిస్మము మా పుష్కరస్నానము వంటిదేనా పాస్టరుగారూ?" అని మర్యాదగా అడిగెను. ఆయన అడుగుట సహజమే. మనవారిలోనే నీటికి ఆ శక్తి యున్నదని తలంచువారు గలరు. పూర్వము రోమా చక్రవర్తి కాన్‌స్టంటైను క్రైస్తవులను ఆదరించియు, తాను మాత్రము 337లో మరణశయ్యమీదనే బాప్తిస్మము పొందెను. ఆ కాలములో అనేకులు, ఒకేసారి పాపములన్నియు కడిగివేయబడునని యెంచి, దానిని చివరి గడియకు దాచుకొనిరి. నీటిని మందుగా ఎంచినవాడు దానిని ఆలస్యము చేయును. ఆజ్ఞగా ఎంచినవాడు త్వరపడును.

5. గుండ్లకమ్మ యొడ్డున నేర్చుకొనవలసినది

ఇప్పుడు మన తెలుగుదేశపు చరిత్రకే వత్తము. 1876 మొదలు 1878 వరకు వచ్చిన ధాత కరువు మన సీమను, కోస్తాను కూడ నలిపివేసెను. ఒంగోలులో అమెరికను బాప్తిస్టు మిషనరీ యైన క్లౌ దొరగారు బకింగుహాము కాలువ త్రవ్వకములో ఒక భాగమును గుత్తకు తీసికొని, ఆకలిగొన్న వేలమందికి పని కల్పించెను. సాయంకాలములు వారికి సువార్త చెప్పబడెను. వేలమంది బాప్తిస్మము అడిగిరి. ఆయన ఇయ్యలేదు. అన్నము కొరకు వచ్చిరో ప్రభువు కొరకు వచ్చిరో తెలియవలెనని, ఒక సంవత్సరమునకు మించి ఎవరికిని బాప్తిస్మము ఇయ్యక నిలిపెను.

ఇచ్చట నిలిచి ఆలోచించుడి. ఆ కరువులో జనులు ప్రతిదినము చనిపోవుచుండిరి. బాప్తిస్మము లేనివారందరు నశింతురని ఆయన నమ్మినయెడల, అట్లు ఆపుట క్రూరత్వమగును. ఆయన ఆపుటయే ఆయన విశ్వాసమును చూపుచున్నది. ప్రభువును నమ్మి చనిపోయిన కూలివాడు నీరు తగలకపోయినను ప్రభువు చేతిలోనివాడే.

అయితే కథ అంతటితో ముగియలేదు. కరువు సాయము ముగిసి, ఇక ఇచ్చుటకు ఏమియు లేదని చెప్పిన తరువాతను ఆ జనులు తిరిగిపోలేదు. అప్పుడు 1878 జూలై నెలలో గుండ్లకమ్మ యొడ్డున వెల్లంపల్లియొద్ద బాప్తిస్మము ప్రారంభమయ్యెను. 2వ తేదీన 614 మంది, 3వ తేదీన 2,222 మంది, 4వ తేదీన 700 మంది, మూడు దినములలో 3,536 మంది పొందిరి. తెలుగు బోధకులు ఇద్దరిద్దరుగా నీటిలో దిగి, అలసినప్పుడు ఒకరి చోట మరియొకరు నిలిచి, ఒక్కొక్కరిని పేరుపేరున ముంచిరి. బాప్తిస్మము అనవసరమైనదే యైనయెడల ఈ శ్రమ యంతయు ఎందుకు?

ఒకే ఏటియొడ్డున రెండు పాఠములును ఉన్నవి. బాప్తిస్మము లేకుండ చనిపోయినవానిని గూర్చి నిరాశపడకుము. నమ్మిన తరువాత, దారి తెరచియున్నప్పుడు, దానిని మానకుము. మన సంఘము బాప్తిస్టు సంఘము కాదు. ముంచుటను గూర్చి మనము వారితో ఏకీభవింపకపోవచ్చును. ఈ పాఠము మాత్రము అందరిది.

నా తప్పు కూడ నాకు ఇక్కడనే కనబడెను. క్లౌ దొరగారు హృదయములను పరీక్షించుటకు ఆగెను. నేను పండుగ కొరకు ఆగితిని. అవ్వ హృదయమును గూర్చి నాకు ఏ సందేహమును లేకుండెను.

6. పొందగోరి పొందలేకపోయినవారు

సంఘములు ఈ విషయములో ఒకే మాట పలుకవని మీరెరుగుదురు. గుంటూరు ప్రాంతపు మన లూథరన్ సహోదరులు గౌరవించు 1530 నాటి ఆగ్స్‌బర్గు విశ్వాస ప్రమాణము, బాప్తిస్మము రక్షణకు అవసరమని తన 9వ అధికరణములో చెప్పుచున్నది. 1646 నాటి వెస్ట్‌మినిస్టరు విశ్వాస ప్రమాణము, దానిని తృణీకరించుట గొప్ప పాపమని చెప్పుచునే, అది లేనివాడు రక్షణ పొందనేరడనియు, పొందినవారందరు నిశ్చయముగా తిరిగి జన్మించిరనియు అనరాదని బోధించుచున్నది. రోమను కథోలిక సంఘము 1992 నాటి తన ఉపదేశ గ్రంథములో బాప్తిస్మము యొక్క అవసరమును గట్టిగా చెప్పియు, దేవుడు తన సంస్కారములకు తాను బద్ధుడు కాడని ఒప్పుకొనుచున్నది. రక్షణ సైన్యము నీటి బాప్తిస్మమునే ఆచరింపదు. ఇంత భేదములోను ఒక విషయము గమనింపుడి. బాప్తిస్మమును బహుగా హెచ్చించు సంఘములు సహితము, కోరి పొందలేకపోయినవానిమీద తలుపు మూయుటకు వెనుదీయుచున్నవి.

ఇది క్రొత్త దయ కాదు. 392లో రోమా చక్రవర్తి రెండవ వాలెంటినియను యౌవనములోనే గాలు దేశమందు మరణించెను. తనకు బాప్తిస్మమియ్య రమ్మని అతడు మిలాను బిషప్పు అంబ్రోసుకు కబురు పంపియుండెను. బిషప్పు దారిలో నుండగానే అతడు చనిపోయెను. అతని సహోదరీలు, మా కువైటు సహోదరునివలెనే, బాప్తిస్మము లేకపోయెనే యని ఏడ్చిరి. అంబ్రోసు సమాధి ప్రసంగములో వారిని ఓదార్చుచు, అతడు కోరినదానిని ప్రభువు అతనికి అనుగ్రహించెనని బోధించెను. ఆ ప్రసంగమును గూర్చి నేను సెమినరీలో చదివినప్పుడు అది పరీక్షకు వచ్చు ప్రశ్న మాత్రమే. ఒంటిమిట్టలో ఫోను చేతబట్టుకొని నిలిచిననాడు అది నాకు అన్నమయ్యెను.

నేను ఆ కుమారునితో ఇట్లు చెప్పితిని: "నాయనా, నిశ్చితార్థం అయిపోయి, ముహూర్తానికి ముందే పెండ్లికూతురు చనిపోతే, పెండ్లికొడుకు ఆమెను పరాయి మనిషి అంటాడా? మీ అమ్మ ప్రభువుకు మాట ఇచ్చింది. ముహూర్తం వెనక్కి జరిపింది నేను. ఆ తప్పు ఆమె లెక్కలో వేసే దేవుడు కాదు మన దేవుడు." అతడు చాలసేపు మాటలాడలేదు. తరువాత, "మీరు నిజంగా నమ్ముతారా అయ్యగారూ?" అని అడిగెను. నమ్ముచున్నానంటిని. ఇప్పుడును నమ్ముచున్నాను.

శిశువును పోగొట్టుకొని, బాప్తిస్మము ఇప్పింపకపోతిమే యని కుములుచున్న తల్లిదండ్రులారా, ఈ మాట మీకును చెందును. చిన్నబిడ్డలను ఎత్తికొని ఆశీర్వదించిన ప్రభువు (మార్కు 10:16) మన రిజిస్టరు తెరచి చూచిన తరువాత చేతులు చాపలేదు.

7. పొందగలిగియు పొందనివారు

ఇక మెట్లమీది ప్రశ్న. ఆ యౌవనస్థుని భయమును మరుగుపరచి మాటలాడుట న్యాయము కాదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారము షెడ్యూల్డు కులముల హక్కులు మొదట హిందువులకు మాత్రమే చెందెను. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చిరి, క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రములో ఆ కులములనుండి క్రైస్తవులైనవారు వెనుకబడిన తరగతులలో 'సి' వర్గమువారై ఒక్క శాతము రిజర్వేషనులో నుందురు. 2024 నవంబరులో సుప్రీంకోర్టు, పుదుచ్చేరికి చెందిన ఒక స్త్రీ విషయమున, క్రైస్తవ విశ్వాసమును ఆచరించుచు ఉద్యోగము కొరకు షెడ్యూల్డు కులపు ధ్రువపత్రము కోరుట తగదని తీర్పు చెప్పెను. ఆమె శిశుప్రాయములో పొందిన బాప్తిస్మపు దాఖలా ఆ వ్యాజ్యములో సాక్ష్యముగా వచ్చెను. ఆ న్యాయస్థానము సహితము నీటిని మాత్రమే చూడక, ఆమె క్రమముగా గుడికి వెళ్లుచున్నదా అని కూడ చూచెను.

కాబట్టి, "బాప్తిస్మము అవసరమా?" అని మన యౌవనస్థులు అడుగునప్పుడు, వారు అడుగుచున్నది కొన్నిసార్లు వేదాంతప్రశ్న కాదు. "ఇంత వెల చెల్లింపవలెనా?" అని అడుగుచున్నారు. ఇంటిలో మొదటి చదువరి, తండ్రి కూలివాడు, చెల్లెలి పెండ్లి ముందున్నది. అట్టివానికి ఆ వెల తక్కువదని నెలజీతము వచ్చు నేను ఏ నోటితో చెప్పగలను? ఆ చట్టము న్యాయమైనదా యని వాదించుట ఈ పాఠపు పని కాదు. భయపడువానిని నిందించుటయు నా పని కాదు.

మన తెలుగువారిలోనే కలగర సుబ్బారావుగారు అను ఉపాధ్యాయుడు 1942లో క్రీస్తు దర్శనము పొందితినని చెప్పి, అనేకులను క్రీస్తు భక్తికి త్రిప్పెను. బాప్తిస్మమును మాత్రము ఆయన గట్టిగా ఎదిరించెను. ఆయన మాట మనకు చేదుగా నుండినను, అందులో ఒక గద్దింపు గలదు. కొన్నిచోట్ల మనము బాప్తిస్మమును ఒక జాబితాలో పేరు కొట్టివేసి మరియొక జాబితాలో వ్రాయుటగా మార్చితిమి. అందుకు మనము పశ్చాత్తాపపడవలెను. అయినను పాత్ర మలినమైనయెడల దానిని తోమవలెనుగాని పారవేయరాదు. బాప్తిస్మమును నియమించినది పాదిరీలు కాదు; శిష్యులను చేసి బాప్తిస్మ మియ్యుడని పంపినవాడు పునరుత్థానుడైన ప్రభువే (మత్తయి 28:19). పాపములేని ఆయన తానే యొర్దానులో దిగెను. గురువు దిగిన నీటిలో దిగుట నాకు అక్కరలేదని శిష్యుడు చెప్పగలడా?

నేను ఆ యౌవనస్థుని నరకముతో బెదిరింపలేదు. అతని హృదయమును తూచు త్రాసు నా చేతిలో లేదు. "నాయనా, అవ్వ చావును నీవు గొడుగుగా పట్టుకోవద్దు. ఆమె నీళ్లు అడుగుతా అడుగుతా పోయింది. నీవు కుండ ప్రక్కన కూర్చోని దాహం ఉంటే చాలంటున్నావు. మనసులు కలిసినాయి గదా, తాళి ఎందుకు అనే పిల్లవాడికి నీ చెల్లెల్ని ఇస్తావా?" అని మాత్రము అడిగితిని. అతడు నవ్వుట మానెను.

తరువాత అతనితో నీకొదేమును గూర్చి చదివితిని. నీటిమూలముగా పుట్టుటను గూర్చిన ఆ కఠినమైన మాటను ప్రభువు ఎవనితో చెప్పెను? పగటివేళ వచ్చుటకు భయపడి రాత్రివేళ వచ్చినవానితో. పదవి పోవునని, పేరు పోవునని భయపడినవానితో. ఆ మాటలోని నీరు బాప్తిస్మమేనా, యెహెజ్కేలు చెప్పిన శుద్ధజలమా (36:25) అని పండితులు వాదించుచునే యున్నారు. ఒకటి మాత్రము స్పష్టము. ప్రభువు రాత్రి వచ్చినవానిని గెంటివేయలేదు. రాత్రిలోనే ఉండిపొమ్మని కూడ చెప్పలేదు. ఆ నీకొదేము తరువాత సిలువయొద్దకు సుగంధద్రవ్యములు మోసికొని, జనులు చూచుచుండగా వచ్చెను (యోహాను 19:38-40). అందుకు అతనికి కాలము పట్టెను. ప్రభువు ఆ కాలమును అతనికి ఇచ్చెను.

8. నీరు ఎంత కావలెను?

కరువుసీమవారమైన మనకు ఇది వేళాకోళపు ప్రశ్న కాదు. ఆదిసంఘపు చిన్నగ్రంథమైన "అపొస్తలుల బోధ", 1873లో మరల దొరికి 1883లో అచ్చైనది, ఈ విషయములో దయగల మాట చెప్పుచున్నది. పారు నీరున్న అందులో బాప్తిస్మమియ్యవలెను. లేనిచో వేరు నీటిలో. చన్నీరు వీలుకానిచో వేడినీటిలో. రెండును చాలనిచో ముమ్మారు తలమీద పోసినను చాలును. ఐతియొపీయుడైన నపుంసకునికి ఎడారి దారిలో నీరు కనబడెను (అపొ. కా. 8:26-38). చెరసాల అధికారికి నడిరాత్రివేళ నీరు దొరకెను. పౌలు సీలల గాయములు కడిగిన ఆ గడియలోనే అతడును అతని ఇంటివారును బాప్తిస్మము పొందిరి. అపొస్తలులు నీటి కొలతను చూడలేదు; గడియను పోనియ్యలేదు.

ఇప్పుడు మా గుడిలో ఒక చిన్న ఇత్తడి చెంబు ప్రత్యేకముగా పెట్టియున్నాను. నేర్చుకొనవలసినది నేర్చుకొని, సాక్ష్యము స్పష్టముగా నున్న యెవరికైనను, బంధువులు రాలేదనియు, పండుగ రాలేదనియు ఆలస్యము చేయనని పెద్దల యెదుట ఒప్పుకొంటిని. సమాధులతోటను గూర్చి నన్ను అడిగిన పెద్దయే ఆ చెంబు కొనితెచ్చెను.

ముగింపు

ప్రియులారా, బాప్తిస్మము రక్షణకు అవసరమా? దేవుడు నీటికి బద్ధుడు కాడు. నమ్మినవాడు పొందలేకపోయినయెడల ఆయన కృప తగ్గదు. మనము మాత్రము ఆయన ఆజ్ఞకు బద్ధులము. పొందగలవాడు వద్దనుట విశ్వాసపు భాష కాదు. ఏడ్చుచు అడుగువానికి మొదటి మాట చెప్పుడి. నవ్వుచు అడుగువానికి రెండవ మాట, ప్రేమతో చెప్పుడి. మాటలు తారుమారైనయెడల, ఒకని గుండె పగులును, మరియొకని కాలు జారును.

ఆ యౌవనస్థుడు ఇంకను బాప్తిస్మము పొందలేదు. ప్రతి ఆదివారము వచ్చుచునే యున్నాడు. పాడుచునే యున్నాడు. నేను ఎదురుచూచుచున్నాను. అతని కొరకు మీరును ప్రార్థించుడి.

కుటుంబ ప్రార్థనలో ఆలోచింపవలసిన ప్రశ్నలు

1. కొర్నేలీ ఇంటివారు ముందే ఆత్మను పొందినను, పేతురు వారికి బాప్తిస్మము ఎందుకు ఆజ్ఞాపించెను?
2. మన సంఘములో బాప్తిస్మము కొరకు కనిపెట్టుచున్నవారిని మనము ఏ కారణముచేత ఆపుచున్నాము? అది వారి మేలు కొరకా, మన సౌకర్యము కొరకా?
3. బాప్తిస్మమువలన నష్టపోవు యౌవనస్థునికి మన సంఘము ఏ విధముగా తోడుగా నిలువగలదు?

ప్రార్థన: ప్రభువా, నిన్ను కోరి దారిలోనే కన్నుమూసినవారిని నీ చేతిలో నుంచుకొనుము. దారిలో నిలిచి తడబడుచున్నవారిని చేయిపట్టి నడిపింపుము. ఆలస్యము చేసిన కాపరులను క్షమించుము. ఆమేన్.